పొరుగింటికి వెళ్ళే గిన్నె

దసరా సెలవులు మొదలైంది మొదలు సంక్రాంతి సెలవులు ముగిసేదాకా పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న వినపడుతూనే ఉంటుంది: "అమ్మీ, తినడానికి ఏముంది?" చలి పెరిగేకొద్దీ ఆకలి కూడా పెరుగుతుంది. బడి లేదు, పొద్దుపోదు. మధ్యాహ్నం దస్తర్‌ఖాన్ ఎత్తిన గంటకే మళ్ళీ డబ్బాల మూతలు తీసి చూస్తుంటారు. వీధి చివర మిఠాయి దుకాణం ఉండనే ఉంది. ఈ రోజుల్లో ఫోను నొక్కితే డబ్బా గుమ్మం దగ్గరికే వస్తుంది. అయినా ఈ వారం ఇంట్లో చేసుకునే తీపి వంటల గురించే రాయాలనిపించింది. ఖర్చు తగ్గుతుందన్నది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. దుకాణం డబ్బా మన గుమ్మం దాటి లోపలికి వచ్చి అక్కడితో ఆగిపోతుంది. ఇంట్లో వండిన తీపి గిన్నెలో సర్దుకుని మన గుమ్మం దాటి బయటికి వెళ్తుంది.

బోయిగూడ సందులో

నా చిన్నతనం బోయిగూడలో గడిచింది. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు వెనుక వైపున్న ఈ పేట కలప డిపోలకు, కోత మిల్లులకు పేరుపొందింది. మా సందులోకి అడుగుపెడితే టేకు పొట్టు వాసన వచ్చేది. మా గోడకు ఆనుకుని ఒక వడ్రంగి కుటుంబం ఉండేది. సందు చివర రైల్వేలో పనిచేసే క్రైస్తవ కుటుంబం ఉండేది. అమ్మీ చలికాలంలో గాజర్ కా హల్వా చేసిన రోజున, మేము పొయ్యి చుట్టూ ఎంత మూగినా, మొదటి గరిటె మాకు పడేది కాదు. కళాయి పోసిన రెండు చిన్న గిన్నెలు పక్కన పెట్టుకుని ముందు వాటిని నింపేది. దాన్ని 'హిస్సా' అనేది. హిస్సా అంటే వాటా. వాటా అన్న మాటలోనే సంగతంతా ఉంది. దయతో ఇచ్చేదాన్ని దానం అంటాము. వాటా ఎదుటివారికి చెందినది, మనం చేర్చవలసినది. పొరుగువారి హక్కు గురించి మన పిల్లలు మదరసాలో మొదటి పాఠాలలోనే చదువుకుంటారు. నేను మాత్రం ఆ పాఠాన్ని పుస్తకం కంటే ముందు ఆ గిన్నెలు మోస్తూ నేర్చుకున్నాను.

ఆ గిన్నెలు ఏనాడూ ఖాళీగా తిరిగి రాలేదు. క్రిస్మస్‌కు గులాబీ పువ్వులు వచ్చేవి. సంక్రాంతికి సకినాలు, అరిసెలు వచ్చేవి. ఇంట్లో ఏమీ లేని రోజున వడ్రంగి గారి ఇల్లాలు గిన్నె కడిగి, అడుగున చిటికెడు చక్కెర వేసి, "బూబమ్మకు ఇచ్చిరా బిడ్డా" అని పంపేది.

ఇక వంటల సంగతికి వద్దాము. కింద చెప్పినవన్నీ పెద్ద సామగ్రి లేకుండా, పిల్లల చేత కూడా చేయించగలిగినవే. పొయ్యి పని, వేడి పాకం పని పెద్దలు చూసుకోవాలి. తురమడం, నలపడం, గింజలు తీయడం పిల్లలకు వదలవచ్చు. మగపిల్లలను కూడా కూర్చోబెట్టండి. కప్పు అంటే ఇక్కడ 200 మిల్లీలీటర్లు పట్టే మామూలు కప్పు.

మలీదా: పండుగలను కలిపే ముద్ద

అన్నింటికంటే సులువైనది మలీదా. ఫార్సీలో 'మాలీదన్' అంటే నలపడం. పేరులోనే వంట విధానం ఉంది. మన ఇళ్ళలో ఫాతిహాలకు, నియాజ్‌లకు చేస్తారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు హిందువులు కూడా మలీదా చేసి తెస్తారు. దసరాకు ముందు వచ్చే సద్దుల బతుకమ్మ నాడు ఆడపడుచులు పంచుకునే మలీద ముద్దలు కూడా ఇవే. ఒక ఫార్సీ మాట బతుకమ్మ దగ్గరికి చేరి, అక్కడి తెలుగు ఆడవాళ్ళ నోట సొంత మాటగా మారిపోయింది. పంచుకు తినే అలవాటు ఉన్నచోట మాటలు కూడా ఇలాగే ఇల్లు మారుతుంటాయి.

నాలుగు మందపాటి రొట్టెలు తీసుకోండి. సజ్జ రొట్టెలైతే రుచి, గోధుమ రొట్టెలైనా సరిపోతాయి. వేడి చల్లారకముందే తునకలు చేసి చేత్తో బాగా నలపాలి. అర కప్పు బెల్లం తురుము, మూడు చెంచాల నెయ్యి, కొద్దిగా యాలకుల పొడి కలపండి. వేయించి పొట్టు తీసిన పల్లీలను కచ్చాపచ్చాగా దంచి రెండు చెంచాలు వేయండి. రొట్టె వేడికి బెల్లం కరిగి పట్టుకుంటుంది. నిమ్మకాయంత ముద్దలు కట్టండి. రాత్రి మిగిలిన రొట్టెలతో చేయాలంటే పెనం మీద ఒకసారి వెచ్చబెడితే చాలు. పది నిమిషాల పని.

డబుల్ కా మీఠా: కంటోన్మెంటు రొట్టె, దక్కన్ తీపి

సికింద్రాబాద్ నగరం మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో బ్రిటిష్ సైన్యపు దండుగా వెలసింది. తెల్ల సిపాయిల వెంట వారి రొట్టె కూడా వచ్చింది. మన చపాతీలా పలచగా ఉండక పొంగి రెట్టింపు అవుతుంది గనుక దానికి 'డబుల్ రోటీ' అని పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ రొట్టెను మనవాళ్ళు నేతిలో వేయించి, పాలు, పాకం పోసి డబుల్ కా మీఠాగా మార్చారు. ఇవాళ అది లేని దక్కనీ దావత్ అరుదు. సంచీలో రొట్టె మిగిలిపోయిన రోజున కూడా ఇదే దారి.

దావత్‌లలో రొట్టెను నూనెలో ముంచి వేయిస్తారు. ఇంట్లో అంత అవసరం లేదు. ఎనిమిది రొట్టె ముక్కలను, వీలైతే ముందు రోజువి, త్రికోణాలుగా కోసి, పెనం మీద నాలుగైదు చెంచాల నెయ్యితో రెండు వైపులా ఎర్రగా కాల్చండి. నిన్నటి రొట్టె పొడిగా ఉంటుంది గనుక పాకంలో త్వరగా చిదికిపోదు. అర లీటరు పాలను మూడు వంతుల్లో రెండు వంతులు మిగిలేదాకా మరిగించండి. వేరే గిన్నెలో ముప్పావు కప్పు చక్కెర, అర కప్పు నీళ్ళు కలిపి అయిదు నిమిషాలు మరిగిస్తే చేతికి జిగురు తగిలే పాకం వస్తుంది. తీగపాకం అక్కరలేదు. వెడల్పాటి గిన్నెలో రొట్టె ముక్కలు పరచి ముందు పాకం, తర్వాత పాలు పోసి, సన్నని సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. కలియబెట్టకండి, ముక్కలు విరుగుతాయి. గిన్నెను పట్టుకుని అటూ ఇటూ ఊపితే చాలు. పైన యాలకుల పొడి, వేయించిన జీడిపప్పు. కుంకుమపువ్వు ఉంటే సరే, లేకపోయినా లోటు లేదు. ఎర్ర రంగు మాత్రం కలపకండి. రొట్టె బాగా కాలితే రంగు దానంతటదే వస్తుంది.

ఖుబానీ కా మీఠా: రాత్రి నానబెడితే సగం పని అయినట్టే

ఖుబానీ మన నేల పండు కాదు. ఆఫ్ఘనిస్తాన్, కాశ్మీర్, లడఖ్ వంటి చలి ప్రాంతాల్లో పండి, ఎండి, మూటల్లో మన బజారుకు వస్తుంది. హైదరాబాద్‌లో బేగంబజారు దుకాణాల్లో గింజతో ఉన్నవీ, గింజ తీసినవీ దొరుకుతాయి. ఇంత దూరం నుంచి వచ్చిన పండును దక్కన్ వంటవాళ్ళు నీళ్ళూ చక్కెరా తప్ప వేరే ఏమీ లేకుండా విందు భోజనానికి ఆఖరి వంటకంగా నిలబెట్టారు.

పావు కిలో ఖుబానీలను రెండు మూడు నీళ్ళలో కడిగి, మునిగేదాకా నీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టండి. పొద్దున గింజలు తీసి, అవే నీళ్ళతో సన్నని సెగ మీద ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు ఉడికించండి. గరిటె వెనుక భాగంతో కొన్నింటిని మెదిపి, కొన్నింటిని అలాగే ఉంచాలి. అర కప్పు చక్కెర వేసి, మళ్ళీ పది నిమిషాలు ఉడికి చిక్కబడ్డాక దించండి. నాలుగు చుక్కల నిమ్మరసం వేస్తే తీపి ముఖం మొత్తదు. చల్లారాక పైన మీగడ వేసి పెట్టండి.

ఒక జాగ్రత్త. ఖుబానీ గింజ పగలగొడితే బాదం లాంటి చిన్న పప్పు వస్తుంది. దానిని పైన అలంకరించడం ఆనవాయితీ. కొన్ని గింజల పప్పు చేదుగా ఉంటుంది. ఆ చేదు పప్పులో ఉండే పదార్థం కడుపులోకి వెళ్ళాక సైనైడ్ అనే విషాన్ని వదులుతుంది. చేదు తగిలితే పారేయండి. పిల్లలున్న ఇంట్లో ఈ పప్పు జోలికి పోకుండా మామూలు బాదం పప్పు వేసుకోవడమే మేలు.

గాజర్ కా హల్వా: తొందరపడితే చెడేది

చలికాలంలో మోండా మార్కెట్‌కు వెళితే లేత గాజర్లు రాశులు పోసి ఉంటాయి. ఉత్తరాది నుంచి వచ్చే ఎర్ర గాజర్ దొరికితే హల్వాకు అదే శ్రేష్ఠం, నీరూ తీపీ ఎక్కువ. దొరకకపోతే నారింజ రంగుది తీసుకోండి. లావువి కాక సన్నవి ఏరుకుంటే మధ్యలో పీచు ఉండదు.

కిలో గాజర్‌ను కడిగి, చెక్కు తీసి, తురమండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో రెండు చెంచాల నెయ్యి వేసి, తురుమును అయిదారు నిమిషాలు వేయించి, లీటరు చిక్కని పాలు పోయండి. మధ్యస్థపు సెగ మీద ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. మధ్య మధ్య అడుగు కలుపుతూ ఉండాలి. పాలు పూర్తిగా ఇగిరిన తర్వాతే 150 గ్రాముల చక్కెర వేయండి. చక్కెర పడగానే హల్వా మళ్ళీ నీరు వదులుతుంది. చాలామంది ఇక్కడే కంగారుపడి కోవా తెచ్చి కలుపుతారు. ఆ అవసరం లేదు. పది నిమిషాలు ఓపిక పడితే దానంతటదే దగ్గర పడుతుంది. ఆఖర్న రెండు చెంచాల నెయ్యి, యాలకుల పొడి, జీడిపప్పు వేసి దించండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది.

మా అమ్మీ ఈ హల్వా కలుపుతూనే మాకు ఎక్కాలు అప్పజెప్పించేది. పదిహేనో ఎక్కం వచ్చేసరికి పాలు ఇగిరేవి.

గిలె ఫిర్దౌస్: సొరకాయ ఖీర్

ఫార్సీలో 'గిల్' అంటే మట్టి, 'ఫిర్దౌస్' అంటే స్వర్గం. స్వర్గపు మట్టి అని ఇంత పెద్ద పేరు పెట్టింది దేనికంటే, మన సొరకాయ ఖీరుకు! రోజూ పప్పులో వేస్తే మూతి తిప్పుకునే పిల్లలు కూడా ఇది సొరకాయ అని చెప్పేదాకా కనిపెట్టలేరు.

సొరకాయ కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదుగా ఉంటే కాయ మొత్తం పారేయాలి. ఆ చేదు కడుపునొప్పి, వాంతులు తెస్తుంది, వండినా పోదు. మంచి కాయ అయితే అర కిలో ముక్క తీసుకుని, చెక్కూ గింజలూ తీసి, సన్నగా తురిమి, నీరు పిండండి. లీటరు పాలను ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించి, అరగంట నానిన మూడు చెంచాల సగ్గుబియ్యం వేయండి. సగ్గుబియ్యం అద్దంలా మారాక, విడిగా కొద్ది నీళ్ళలో మెత్తగా ఉడికించి వార్చిన సొరకాయ తురుము వేసి, పావు గంట సన్నని సెగ మీద ఉంచండి. అర కప్పు చక్కెర, యాలకుల పొడి వేసి దించండి. చల్లారితే చిక్కబడుతుంది గనుక కాస్త పలచగా ఉన్నప్పుడే దించడం మంచిది.

చలికాలపు ఈద్ వస్తోంది

ఈ వంటలు నేర్చుకోవడానికి మరో కారణం కూడా ఉంది. మన హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులు. అందుచేత మన పండుగలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, దాదాపు 33 ఏళ్ళలో అన్ని ఋతువులూ చుట్టి వస్తాయి. 2000 సంవత్సరంలో రంజాన్ ఈద్ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చింది. ఆ ఈద్‌లకు పొద్దున్నే చలిలో వణుకుతూ నమాజుకు వెళ్ళివచ్చి వేడి షీర్ ఖుర్మా తాగిన సంగతి నా వయసు వారికి గుర్తుండే ఉంటుంది. ఆ కాలం మళ్ళీ దగ్గరపడుతోంది. లెక్క ప్రకారం 2030లో రంజాన్ మాసం జనవరి మొదట్లో ఒకసారి, డిసెంబరు ఆఖరున మరోసారి మొదలవుతుంది. ఇవాళ అయిదో తరగతి చదివే పిల్లలు అప్పటికి పొయ్యి దగ్గర నిలబడగలిగే వయసుకు వస్తారు. వాళ్ళకు ఇప్పుడే చెయ్యి తిప్పడం నేర్పితే ఆ ఈద్‌లకు పనికి వస్తుంది.

నేను చేసిన పొరపాటు

ఇక నా సొంత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. బోయిగూడలో మా పాత సందు ఇప్పుడు లేదు. కొన్ని డిపోల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. మేము ఉంటున్నది కూడా అలాంటి ఒకదానిలోనే. ఎదురు తలుపు వెనుక ఎవరు ఉంటారో చాలా రోజులు నాకు తెలియదు. తప్పు వారిదని చెప్పను. నేను కూడా తట్టి అడగలేదు. మా ఇంట్లో పండుగకు డబ్బాలు వచ్చేవి, మేమే తినేవాళ్ళం, మిగిలినవి ఫ్రిజ్‌లో గట్టిపడేవి. అమ్మీ గిన్నెలు అటక మీద ఉండేవి.

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో మా మనవరాలు వచ్చి, బడిలో ఎవరో చెప్పారని సొరకాయ ఖీర్ కావాలని పట్టుబట్టింది. ఇంట్లో ఆమెకు ఒంట్లో బాగాలేదు. నేనే గరిటె పట్టాను. ఖీర్ ఎక్కువైంది. "ఎదురింటికి ఇద్దామా దాదాజాన్?" అంది పిల్ల. అటక మీది గిన్నె దించి, తోమి, నింపి, ఇద్దరం వెళ్ళి తలుపు తట్టాము.

తలుపు తీసింది ఒక పెద్దావిడ. డెబ్బై దాటి ఉంటాయి. పిల్లలు అమెరికాలో ఉన్నారట, ఒక్కతే ఉంటుంది. గిన్నె చూసి ఆమె కళ్ళు మెరిశాయి, వెంటనే ముఖం చిన్నబోయింది. "నాకు షుగర్ కదా నాయనా" అంది. నాకు సిగ్గేసింది. ఏళ్ళ తరబడి ఎదురుగా ఉంటూ ఆమె తినగలిగేది ఏమిటో తెలియకుండా గిన్నె పట్టుకుని నిలబడ్డాను. వెనక్కి తీసుకోబోతే ఆమె ఒప్పుకోలేదు. ఒక్క చెంచా రుచి చూసి, మిగిలింది పనిమనిషి పిల్లలకు పెడతానని లోపల పెట్టుకుంది. మా మనవరాలిని కూర్చోబెట్టుకుని అరగంట కబుర్లు చెప్పింది.

మరునాడు సాయంత్రం గిన్నె తిరిగి వచ్చింది. నిండా సకినాలు. "ఉత్త గిన్నె పంపొద్దు బిడ్డా, మా అమ్మ చెప్పేది" అంది మా మనవరాలితో. ఆ మాట విన్నప్పుడు నాకు వడ్రంగి గారి ఇల్లాలు వేసిన చిటికెడు చక్కెర గుర్తుకొచ్చింది.

ఆ పొరపాటు నుంచి నేను నేర్చుకున్నది మీకు కూడా పనికి రావచ్చు. ఇవాళ షుగర్ లేని ఇల్లు అరుదు. హిస్సా పంపే ముందు ఒక మాట అడగండి. "బెల్లంతో చేశాము, ఫరవాలేదు", "ఖర్జూరంతో చేశాము, ఏమీ కాదు" అని పెద్దవారిని బలవంతపెట్టకండి. బెల్లం, ఖర్జూరం, తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచేవే. చక్కెర వేయకముందే ఒక చిన్న కప్పు తీసి పక్కన పెట్టవచ్చు. అందులో కూడా పాల తీపి, గాజర్ తీపి ఉంటాయి గనుక రెండు మూడు చెంచాలకు మించకుండా, వారి డాక్టరు చెప్పినదాన్ని బట్టే పెట్టాలి. అసలు హిస్సా తీపిదే కావాలన్న నియమం ఏమీ లేదు. వేయించిన పల్లీలు, ఉడికించిన శనగలు, వేడి వేడి షోర్బా ఏదైనా సరే. ముఖ్యం గిన్నె కదలడం.

ఈ సెలవుల్లో ఏదో ఒక రోజు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని పైన చెప్పిన వాటిలో ఒక్కటి చేయండి. అన్నీ ఒకేసారి చేసి పారేయకండి. ఉన్న మనుషులకు రెండు గరిటెలు ఎక్కువగా లెక్క వేసుకోండి. ఆ రెండు గరిటెలను ముందే గిన్నెలోకి తీసి పక్కన పెట్టండి, పిల్లలు చూస్తుండగా పెట్టండి. తర్వాత ఆ గిన్నెను వారి చేతికే ఇచ్చి పంపండి. ఎదురింటి తలుపు ఎవరు తీస్తారో, ఆ మనిషి పేరేమిటో తెలుసుకుని రమ్మనండి.

మా ఎదురింటి పెద్దావిడకు ఇప్పుడు వారానికి ఒకసారి చక్కెర లేని సొరకాయ పులుసు వెళుతోంది. గిన్నె మాత్రం ఇంకా ఒక్కసారి కూడా ఉత్తగా తిరిగి రాలేదు.